నాయిన రిజిస్టర్‌లో గుర్రాల పేర్లు

మా నాయిన పోరుమామిళ్ళ చెరువు దగ్గర గవర్నమెంటు బంగళాకు వాచ్‌మన్. ఎవరన్నా ఆఫీసర్లు దిగితే పేరు, హోదా, ఏ ఊరు, ఏం పని మీద వచ్చినారు, ఎప్పుడు పోయినారు అని గళ్ళు కొట్టి రాసే పెద్ద రిజిస్టర్ ఒకటుండేది. ఆ రిజిస్టర్‌లో 1984 జనవరి పేజీలో ఏడు గుర్రాల పేర్లుండాయి అంటే ఇంతవరకు ఒక్కరు కూడా నమ్మలేదు, మా ఆవిడతో సహా. రాసింది మా నాయినే, సీరియస్‌గానే రాసినాడు, తమాషాకు కాదు.

బంగళా తెల్లోళ్ళ కాలంది. ఎత్తు అరుగు, నేలంతా కడప బండలు, పైన మంగళూరు పెంకులు, చుట్టూ వరండా, లోపల రెండే రూములు. వెనక మాత్రం పొడుగ్గా ఒక గుర్రాల సాల, గోడకు ఇనప కడ్లు, రాతి తొట్లు. దొరలు గుర్రాల మీద వచ్చే కాలంలో కట్టింది కదా మరి, జీపులొచ్చినాక దాంట్లో ఎన్నికల డబ్బాలు, విరిగిన కుర్చీలు పడేసినారు. ఆ సాలకు ఆనుకొని గుర్రం చూసుకునే సాయిసు కోసం కట్టిన చిన్న రూము ఉండె, అదే మా ఇల్లు. నాయిన, అమ్మ, చెల్లెలు, నేను, అందరం ఆ ఒక్క రూములో.

ఇంగ ఈ గుర్రాలోళ్ళ సంగతి. ప్రొద్దుటూరులో అప్పటికింకా జట్కాలు తిరుగుతాండేవి. పగలు బస్టాండు నుంచి బజారుకు సామాన్లు, మనుషులు, రాత్రి పెండ్లి ఊరేగింపులు, అదే గుర్రం రెండు పనులూ చేసేది. తారు రోడ్డు మీద ఏడాదంతా పరిగెత్తితే గుర్రం కాళ్ళు ఏమవుతాయి? వాచిపోతాయి, డెక్కలు పగుళ్ళిస్తాయి. అందుకని పుష్యమాసం రాగానే, శూన్యమాసం కదా పెండ్లిండ్లు ఉండవు, జట్కావాళ్ళు అందరూ ఒక జట్టుగా గుర్రాలు తోలుకోని మా చెరువుకు వచ్చేటోళ్ళు. మైదుకూరులో ఒక రాత్రి, బ్రమ్మంగారి మఠంలో ఒక రాత్రి పండుకోని మూడో రోజు పొద్దు వాలేసరికి కట్ట మీద దుమ్ము లేపుకుంటా దిగేటోళ్ళు. పుష్యంలో అయితే ఈశాన్య వానలు పడిపోయి చెరువు నిండుగా ఉంటుంది, అంచులంతా పచ్చ గరిక, బురద మెత్తగా ఉంటుంది. ఆషాఢం కూడా శూన్యమాసమే గానీ అప్పుడొస్తే ఏముంటుంది, ఎండిన పెళ్ళలు తప్ప.

పదిమంది పైనే మనుషులు, ఏడు గుర్రాలు. జట్టుకంతా పెద్ద ఒక ముసలాయన, మేం పెద్దచాచా అనేటోళ్ళం, తెల్లగడ్డం, మోకాళ్ళ దాకా లుంగీ, మాట తక్కువ. ఇంకొకాయన లాడాల తాత. వచ్చిన రోజే మొదట పని ఆయనదే. గుర్రం కాలు మడిచి తన తొడ మీద పెట్టుకోని మొలలు ఒక్కొక్కటీ పట్టకారుతో పీకి, లాడాలు తీసేసి, డెక్క అంచులు చెక్కి, ఉత్త కాళ్ళతో బురదలోకి తోలేటోడు. "మనం చెప్పులిప్పేసి మంచం మీద పండుకోమా, అట్లనే" అనేటోడు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట మోకాళ్ళలోతు నీళ్ళల్లో గుర్రాలను వరసగా నిలబెట్టేది, వాపులు లాగుతాయని. నీళ్ళు చల్లగా, పైన మంచు, ఏడు గుర్రాల ముక్కుల్లోంచి పొగలు, అవతల కొంగలు. నేను బడికి పోయేదారి కూడా మరిచిపోయి నిలబడేటోన్ని.

సాయంత్రమయితే సాల ముందర మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద సట్టిలో ఉలవలు ఉడకేసేటోళ్ళు. ఉడికినాక ఉలవలు గుర్రాలకు, ఉలవకట్టు మా అమ్మకు. ఇది ఎప్పుడు ఎవరు పెట్టుకున్న ఒప్పందమో తెలీదు. అమ్మ ఆ కట్టులో చింతపండు పిసికి, ఎర్రగడ్డలు, ఎండుమిరపకాయలేసి తిరగవాత పెడితే రాగిసంగటిలోకి అందరికీ అదే. వాళ్ళు జొన్నరొట్టెలు తట్టేటోళ్ళు, చెరువులో జెల్లలు పడిన రోజు పులుసు. నాకైతే ఇప్పుడు హోటళ్ళలో చిన్న గిన్నెలో మీగడ వేసి ఉలవచారని ఇస్తారే, దాన్ని చూస్తే నవ్వొస్తది.

మరి రిజిస్టర్ ఎందుకంటే, నాయిన లెక్క నాయినది. వాచ్‌మన్‌గా చేరిన రోజు ఎవరో పెద్దాయన చెప్పినాడంట, ఈ కప్పు కింద ఒక రాత్రి పండుకున్నోడు ఎవడైనా సరే పుస్తకంలో ఎక్కల్ల అని. ఆ ఒక్క మాట పట్టుకున్నాడు మా నాయిన. మనుషులంతా చింతచెట్టు కింద గుడారం గుడ్డలు కట్టుకోని పండుకుంటారు, వాళ్ళు కప్పు కిందకు రారు కాబట్టి రాయనక్కరలేదు. సాలలో కప్పు కింద పండుకునేది గుర్రాలు. కాబట్టి గుర్రాలను రాయల్ల. "పండుకున్యా నిలబడుకోనే కదా నాయినా" అని నేనంటే "అయినా సరే, రాత్రి ఉండ్లా?" అన్నాడు. ముందు సంవత్సరాల్లో ఇట్లా ఎందుకు రాయలేదో తెలీదు, ఆ ఏడాది మాత్రం కొత్త రిజిస్టర్ వచ్చింది, గీతలు నీట్‌గా ఉండాయి, బహుశా అందుకే అయ్యుంటది.

సుల్తాన్, బిజిలీ, మోతీ, చమేలీ, రాజా, బుల్‌బుల్, కల్యాణి. ఊరు ప్రొద్దుటూరు. హోదా గడిలో మొదటి ఆరింటికీ జట్కా అని రాసినాడు. కల్యాణికి మాత్రం 'పెండ్లిండ్లు' అని. పనిమీద వచ్చినారు అన్నచోట ఏడింటికీ 'విశ్రాంతి'.

కల్యాణి అసలు పేరు కాదు, అది పంచకల్యాణి, నాలుగు కాళ్ళూ తెలుపు, ముఖమ్మీద తెలుపు, ఒళ్ళంతా ఇటుకరంగు. అట్లాంటి గుర్రం పెండ్లికి శుభమని దానికి రేటు ఎక్కువ, జట్కాకు కట్టేవాళ్ళు కాదు. దాని గొంతు కింద ఒక సుడి ఉండేది. దేవమణి అంటారంట, గుర్రం కొనేటప్పుడు ముందు చూసేది అదేనంట. పెద్దచాచా నా చెయ్యి పట్టుకోని వేలితో ఆ సుడి చుట్టూ తిప్పించినాడు. ఏ సుడి ఎక్కడుంటే మంచిది, ఎక్కడుంటే యజమానికి కీడు, వీపు మీద ఎట్లుంటే జీను నిలబడదు, ఇట్లా ఒక్కొక్కటి చెప్పినాడు, నాకు సగం గుర్తులేదు. నేను ఊరుకోకుండా మా తెలుగు అయ్యోరు చెప్పింది చెప్పినా. భైరవుడి గుడి ముందర రాళ్ళ మీద మా చెరువు శాసనం ఉంది కదా, 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది, ఉదయగిరి నుంచి ఏలేటోడు ఆయన, దాంట్లో చెరువుకు పన్నెండు అంగాలు ఉండల్ల, ఆరు దోషాలు ఉండకూడదు అని సంస్కృతంలో రాసినారు. కట్ట కారడం దోషం, చౌడునేల దోషం, రెండు రాజ్యాల మధ్య సరిహద్దులో ఉండటం దోషం, నడిమధ్య మిట్ట ఉండటం దోషం, నీళ్ళు తక్కువై మడి ఎక్కువైనా దోషమే, మడి తక్కువై నీళ్ళు ఎక్కువైనా దోషమే. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళకు వంద బండ్లు, రెండేండ్లు పట్టింది కట్టడానికి.

అంతా విని పెద్దచాచా శానాసేపు చెరువు దిక్కు చూసి "వంద బండ్లా? బండ్లు లాగిన ఎద్దుల పేర్లు రాసినారా బేటా?" అన్నాడు. లేదన్నా. ఊఁ అన్నాడు అంతే.

ఎక్కడం నేర్పించింది కూడా ఆయనే. జీను లేదు, రికాబు లేదు, ఒట్టి వీపు మీద ఒక గోనెసంచి. "కళ్ళెం లాగొద్దు, జూలు పట్టుకో, నడుము వదులు చెయ్, నువ్వు భయపడితే దానికి నీ తొడల్లో తెలుస్తది." మొదట నడక, తర్వాత దుల్కి. దుల్కిలో నా పళ్ళు టకటకమని కొట్టుకున్యాయి, నాలుక కరుచుకున్యా. దౌడు మాత్రం ఎక్కనీలేదు. ఒకరోజు సుల్తాన్ మీద నీళ్ళల్లోకి పోయినా. అది ముందుకాలుతో నీళ్ళను చటచటా కొడుతోంది, నేనేమో ఆడుకుంటాంది అనుకోని మురిసిపోతున్నా. ఒడ్డున అందరూ "తోలు, తోలు ముందుకు" అని అరుస్తాండారు. గుర్రం అట్లా నీళ్ళు కొట్టిందంటే పండుకోని దొర్లబోతుందని అర్థమంట. నాకేం తెలుసు. సుల్తాన్ మోకాళ్ళు మడిచింది, నేను నీళ్ళల్లో, సంచి ఒక దిక్కు, చెప్పు ఒక దిక్కు. ఆ చెప్పు దొరకలేదు, అమ్మ కొట్టింది. కట్ట మీద చూస్తా ఉన్న మా నాయిన నవ్వడం నేను మొదటిసారి చూసినా, నిజంగా. బంగళాలో అయ్యాఅయ్యా అని చేతులు కట్టుకోని నిలబడే మనిషి, ఆఫీసరు చెప్పుల చప్పుడుకే లేచేటోడు, ఆ రోజు పొట్ట పట్టుకోని నవ్వినాడు.

రాత్రుళ్ళు మంట. గుర్రాలకు ముందుకాళ్ళకు అగాడి, వెనక్కాళ్ళకు పిచ్చాడి తాళ్ళు కట్టి వంతులేసుకోని కాపలా. మాది నల్లమల పక్క, దుమ్ములగొండి వాసన తగిలితే చాలు అన్నీ ఒకేసారి చెవులు నిలబెట్టేవి. మంట దగ్గర మన్రో దొర కథ తప్పకుండా వచ్చేది. దత్తమండలాలకు 1800 నుంచి ఏడేండ్లు ఆయనే పెద్ద కలెక్టరు, బంగళాలో కూచోకుండా గుడారాలేసుకోని ఊరూరా తిరిగి భూముల లెక్క తేల్చినాడు, గండి దగ్గర కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనపడిందంట, అది కనపడినోడు ఎక్కువ దినాలు బతకడంట. 1827లో పత్తికొండలో కలరా వచ్చి పోయినాడు. "మరి ఆయన గుర్రానికి కనపడిందా తోరణం?" అని మా చెల్లెలు అడిగితే ఎవరూ జవాబు చెప్పలేకపోయినారు.

ఇప్పుడు నేను ఇన్నేండ్లు ఎవరికీ చెప్పని ముక్క చెప్తా.

సంక్రాంతి రోజు ఇంట్లో ఓళిగలు చేసినారు, అందరికీ పండగ, గుర్రాలకేం పండగ లేదే అనిపించింది నాకు. కల్యాణి అంటే నాకు ప్రాణం. మధ్యాహ్నం అందరూ నిద్రపోతాంటే సంచిలోంచి పచ్చి ఉలవలు లోటాతో తీసి దాని తొట్టిలో పోసినా. తినింది. మళ్ళా పోసినా. ఎన్ని లోటాలో లెక్కలేదు. ఆమీద పోయి కడుపునిండా నీళ్ళు తాగింది.

దీపాలు పెట్టే వేళకు కల్యాణి కడుపు దిక్కు తిరిగి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది. కాలితో నేల గీరుతుంది, పండుకుంటుంది, మల్లా లేస్తుంది, ఒళ్ళంతా చెమట. కడుపుశూల. గుర్రానికి వాంతి కాదు, లోపలికి పోయింది కిందికే పోవల్ల, పోలేదా ప్రాణం పోయినట్టే. పండుకోని దొర్లితే పేగు మెలిపడుతుంది, దొర్లనీకుండా నడిపించల్ల. పెద్దచాచా కడుపుకు చెవి ఆనించి విన్నాడు, ముఖం వాడిపోయింది. వాము దంచి, ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు వెదురుగొట్టంతో తాపినారు. పశువుల డాక్టరుకు మనిషిని పంపితే పండగకు ఊరికి పోయినాడన్నారు.

నడిపించడం మొదలుపెట్టినారు, కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు. తలా ఒక గంట. నడిరాత్రికి జట్టులో వాళ్ళందరూ అలిసిపోయినారు, రెండు దినాల నుంచి కాపలాలతో నిద్రలేదు. అప్పుడు మా నాయిన దుప్పటి తలకు చుట్టుకోని పగ్గం తీసుకున్నాడు. ఇంగ ఎవరికీ ఇయ్యలేదు. నేనూ వెనకాలే పోయినా, పొమ్మన్యా పోలేదు. వెన్నెల, చలి, ఒక పక్క నీళ్ళు, కాళ్ళ కింద కడప బండలు. నాయిన దాంతో మాట్లాడుతా నడిచినాడు. ఏం మాట్లాడినాడో అనుకుంటారు, మా ఇంటి సంగతులే. జీతం నుంచి ఎంత కోసుకుంటాండారో, చెల్లెలి చెవిపోటు, కరణాలను తీసేసినారంట రేపు మమ్మల్ని కూడా తీసేస్తారేమో అని. ఆ నెలలోనే గవర్నమెంటు కరణం మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది, ఊర్లో అదే మాట. మాతో ఎప్పుడూ ఒక్క ముక్క చెప్పని మనిషి గుర్రానికి చెప్తాంటే నేను పదడుగులు వెనక, ఉలవలు పోసింది నేనే నాయినా అని గొంతుదాకా వచ్చి ఆగిపోతా నడిచినా.

తెల్లారుజామున కోడి కూసినాక కల్యాణి ఆగింది. తోక ఎత్తింది. లద్దె వేసింది. నాయిన కట్ట మీంచి "వేసిందిరో" అని పెట్టిన కేక మామూలు కేక కాదు, చింతచెట్టు కింద పదిమంది లేచి చేతులెత్తి మొక్కుకుంటా పరిగెత్తుకొచ్చినారు, లాడాల తాత ఏడ్చినాడు, ఒక గుర్రం పేడకు అంత పండగ నేను మల్లా చూడలేదు.

అందరూ ఎక్కడోళ్ళు అక్కడ పడి నిద్రపోయినారు. సరిగ్గా అప్పుడు, కనుమ రోజు పొద్దున ఎనిమిదికి, జీపొచ్చింది. ఒక ఆఫీసరు, భార్య, ఇద్దరు పిల్లలు, చెరువు చూడను. బంగళా ఊడ్చలేదు, వరండాలో జీన్లు ఆరేసినారు, ఆవరణంతా లద్దె. నాయిన కళ్ళు నులుముకుంటా లేచి చొక్కా గుండీలు తప్పు పెట్టుకోని పరిగెత్తినాడు. ఆయన అరుగు మీద కూచోని రిజిస్టర్ తెప్పించుకున్నాడు. చదువుతా చదువుతా ఆగి, భార్య వినకుండా గొంతు తగ్గించి "ఎవరయ్యా ఈ కల్యాణి?" అన్నాడు.

"ప్రొద్దుటూరు సార్."

"అది రాసినావు లే. పెండ్లిండ్లు అంటే ఏంది? విశ్రాంతి ఏంది? ఒక్కతే వచ్చిందా?"

"లేదు సార్, ఆరుమంది తోడుండారు. రాత్రంతా కడుపునొప్పి సార్ పాపం, ఇప్పుడే కుదుటపడింది, సాలలో ఉంది."

ఆయన ముఖం ఎట్లెట్లనో అయింది. నాయిన సాలకు పిల్చకపోయి చూపిచ్చినాడు. ఆయన పగలబడి నవ్వినాడు, భార్యను పిలిచి చెప్పి మల్లా నవ్వినాడు. పిల్లలిద్దరూ సుల్తాన్ మీద రెండు చుట్లు తిరిగినారు. అమ్మ రాత్రి ఉలవచారు వేడి చేసి పెడితే ఆమె రెండుసార్లు పోయించుకునింది. పోయేటప్పుడు ఆయన "ఇది సొంత పని మీద వచ్చింది, మా పేర్లు రాయొద్దులే" అన్నాడు. నాయిన అట్లనే సార్ అన్నాడు. జీపు మలుపు తిరగంగానే లోపలికిపోయి కల్యాణి కింద వాళ్ళ నలుగురి పేర్లూ రాసినాడు. కప్పు కింద పండుకోలేదు కదా అంటే, "మధ్యాహ్నం ఒక కునుకు తీసినారు" అన్నాడు.

నెల తిరక్కుండానే మెమో వచ్చింది. గవర్నమెంటు కట్టడంలో పశువులను ఉంచినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ. అంతగా నవ్వినాయన, ఆయనే రాసినాడు. జవాబు నాయిన చెప్తాంటే నేను రాసినా, ఎనిమిదో తరగతి చేతిరాత. 'గుర్రములు బస చేసిన మాట వాస్తవము. సదరు సాల గుర్రముల కొరకే కట్టబడినది. నేను ఉండు రూము గుర్రము చూచువాని కొరకు కట్టబడినది. కావున ఇందులో నా తప్పు కనపడలేదు.' చివరి వాక్యం వద్దులే నాయినా అంటే వినలేదు. మూడు రాత్రులకు, గుర్రానికి రెండు రూపాయల లెక్కన నలభై రెండు రూపాయలు జీతంలో కోసుకున్నారు. రసీదులో 'ప్రైవేటు వ్యక్తులు 7' అని ఉండె. పెద్దచాచా ఆ డబ్బులు పంపిస్తే నాయిన తిప్పి పంపినాడు. నా ఉలవల వల్లనే ఇదంతా అని నాకు మాత్రమే తెలుసు.

తర్వాత పుష్యంలో కూడా వచ్చినారు. నాయిన వాళ్ళను గేటు దగ్గరే ఆపి కట్ట అవతల కానుగచెట్ల కింద చోటు చూపించినాడు. పాపం అనుకున్యా. కానీ ఆ నాలుగు రాత్రులూ మా నాయిన దుప్పటి చంకనపెట్టుకోని వాళ్ళతోనే ఆడ పండుకున్యాడు, బంగళా తాళాలు అమ్మ చేతికిచ్చి. తర్వాత ఐదుగురు వచ్చినారు, ఆపైన ముగ్గురు. ప్రొద్దుటూరులో ఆటోలు నిండిపోయినాయి. పెద్దచాచా పోయినాడని ఒక బస్సు కండక్టరు వచ్చి చెప్పినాడు.

నాయినకు ఇప్పుడు ఎనభై దాటింది, కడపలో నా దగ్గరే ఉంటాడు. మొన్న మార్గశిరంలో మా వీధిలో పెండ్లి ఊరేగింపు. డీజే, లైట్లు, నడిమధ్య ఒక తెల్ల గుర్రం, కాళ్ళకు గజ్జెలు. బాల్కనీలోంచి చూస్తాండ్యాడు, చూస్తా చూస్తా చేతికర్ర తీసుకోని మెట్లు దిగినాడు. నేను వెనకాలే పోయినా. పగ్గం పట్టుకున్న పిల్లోనికి పదహారేండ్లు ఉంటాయేమో.

"వెనక ఎడమకాలు లాడం వదులైంది రా. రేపు పీకించేయ్."

"సరే తాతా."

"పేరేంది?"

పిల్లోడు తన పేరు చెప్పినాడు.

"నీది కాదు రా. దీనిది."

"దీనికి పేరేముంటాది తాతా, గుర్రమే."

నాయిన ఏమనలేదు. కర్ర నా చేతికిచ్చి, గుర్రం మెడ కింద చెయ్యి పెట్టి వేళ్ళతో సుడి కోసం వెతుకుతా నిలబడినాడు, వెనక డీజే బండి వాడు జరగండి జరగండి అని హారన్ కొడతానే ఉండాడు.